నంబర్ చదివాకే స్పానర్ పట్టు

ఇన్‌స్టాలో చెక్క పడవల రీల్స్ మీకూ తగిలే ఉంటాయి. తేనెరంగు వార్నిష్, తళతళలాడే క్రోమ్, వెనకాల ఎగిసిపడే నీళ్లు. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ ఒక్క రీల్‌లోనైనా పడవ మధ్యలో ఉండే ఆ మూత ఎత్తి కింద ఏముందో చూపించారా? నాకు అసలు సరదా అక్కడే.

నేనుండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ దగ్గర. ఇక్కడి మన తెలుగువాళ్లు చాలామందిలాగే నాదీ కార్ల కంపెనీ ఉద్యోగమే. సెయింట్ క్లెయిర్ నది ఒడ్డున ఆల్గొనాక్ అని చిన్న ఊరుంది. క్రిస్ స్మిత్ అనే ఆయన కొడుకులతో కలిసి 1922లో అక్కడే పడవల కంపెనీ పెట్టాడు. తర్వాత అదే క్రిస్-క్రాఫ్ట్ అయింది. మొదట్లో వాళ్లు పడవల్లో బిగించినవి ఏమిటో తెలుసా? మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన విమానం ఇంజన్లు. కర్టిస్ ఓఎక్స్-5, వీ8, 90 హార్స్‌పవర్. ఆ ఊళ్లోనే గార్ వుడ్ అని ఇంకో మొండిఘటం ఉండేవాడు. నాలుగు ప్యాకార్డ్ ఇంజన్లు పెట్టిన పడవతో 1932లో నీళ్ల మీద గంటకి 124 మైళ్లు దాటించాడు. మన కార్లు ఇవాళ హైవే మీద కూడా వెళ్లని స్పీడు అది!

ఈ చరిత్రంతా ఎందుకంటే, పాత పడవల్లో ఇంజన్ చాలాసార్లు నీళ్లకోసం పుట్టింది కాదు. నేలమీదో గాలిలోనో తిరగాల్సినదాన్ని ఎవరో తెచ్చి నీటికి అలవాటు చేశారు. క్రిస్-క్రాఫ్ట్ వాళ్ల 'కె' మోడల్ చూడండి. ఆరు సిలిండర్లు, 95 హార్స్‌పవర్. దాని బ్లాక్ ఒహాయోలోని కాంటన్‌లో హెర్క్యులీస్ కంపెనీ పోసింది. గ్రే మెరైన్ వాళ్లు చాలావాటికి కాంటినెంటల్ బ్లాకులు వాడారు. క్రైస్లర్ మాత్రం సొంత బ్లాకులే దింపింది. అంటే కన్నది ఒకరు, పెంచింది ఒకరు. అందుకే బ్లాక్ మీద ఒక కంపెనీ పేరు, రేకు మీద ఇంకో కంపెనీ పేరు కనబడితే కంగారుపడక్కర్లేదు.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. వయసు 78. వాళ్ల నాన్న కొన్న 1951 నాటి క్రిస్-క్రాఫ్ట్ రివియెరా, 18 అడుగులది, గ్యారేజీలో పడుంది. ఇంజన్ పట్టేసింది. ఒక మెకానిక్ వచ్చి చూసి, "ఇది తీసి పారేయండి, కొత్త వీ8 పెట్టేద్దాం" అని చెప్పి వెళ్లాడు. పెద్దాయన దాదాపు ఒప్పేసుకున్నారు. అసలిది ఏ ఇంజనో మొదట చూద్దామని నేను టార్చ్ పట్టుకుని వెళ్లాను.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు. పాత ఇంజన్ మీద రెండు రకాల నంబర్లు ఉంటాయి. ఉబ్బెత్తుగా పైకి తేలి ఉండేది అచ్చులో పోసినప్పుడే వచ్చిన నంబర్. అదే అచ్చులో పోసిన వేల బ్లాకుల మీదా అదే ఉంటుంది. లోపలికి దిగేలా పంచ్ కొట్టింది సీరియల్ నంబర్. అది ఆ ఒక్క ఇంజన్‌దే. చాలామంది మొదటిదాన్ని ఫొటో తీసి "నా ఇంజన్ ఏ సంవత్సరందో చెప్పండి" అంటారు. తమ్ముడి ఆధార్ అడిగితే ఇంటిపేరు చెప్పినట్టుంటుంది.

రంగుని మాత్రం అస్సలు నమ్మకండి. డెబ్బై ఏళ్లలో ఎవరి చేతికి ఏ డబ్బా దొరికితే అది పూసి ఉంటారు. మా పెద్దాయన ఇంజన్‌కి ఆ పంచ్ కొట్టిన చోట కూడా మూడు పొరల పెయింట్ ఉంది. మెల్లగా గీకాను. అయినా అంకెలు సరిగ్గా కనబడలేదు. మన ఆర్టీఏ ఆఫీసుల్లో ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దుతారు కదా, అదే చేశాను. ముందు 'కె' తేలింది, తర్వాత అంకెలు ఒక్కొక్కటే వచ్చాయి.

ఆ నంబర్‌తో పనేంటంటారా? క్రిస్-క్రాఫ్ట్ వాళ్లు ప్రతి పడవకీ ఒక కార్డు రాసేవాళ్లు. అందులో పడవ నంబర్, దానికి బిగించిన ఇంజన్ నంబర్, ఏ రోజు ఏ డీలర్‌కి పంపారన్నది ఉంటాయి. ఆ కార్డులు ఇప్పుడు వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్‌లో మారినర్స్ మ్యూజియంలో ఉన్నాయి. అడిగి నకలు తెప్పించుకోవచ్చు. పెద్దాయనకి నకలు వచ్చింది. పెన్సిల్ కాగితం పక్కన పెట్టి చూశాం. అంకెలన్నీ కలిశాయి. ఫ్యాక్టరీలో ఆ పడవలోకి దిగిన ఇంజనే ఇది. ఆయన ఆ రెండు కాగితాలూ చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయారు. తర్వాత కొత్త ఇంజన్ మాట మళ్లీ ఎత్తలేదు.

సరే, పట్టేసిన ఇంజన్ సంగతి. ఇలాంటప్పుడు స్టార్టర్ బటన్ నొక్కడం అంత పాపం ఇంకోటి లేదు. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో గేర్‌బాక్స్ ఆయిల్, అసిటోన్ కలిపి పోసి వదిలేశాం. రోజూ సాయంత్రం ఫ్లైవీల్‌ని చేత్తో అటు కొంచెం, ఇటు కొంచెం. బలం వద్దు, ఓపిక కావాలి. పన్నెండో రోజు వెంట్రుకవాసి కదిలింది. తర్వాత కంప్రెషన్ చూస్తే ఆరింటికీ దాదాపు ఒకేలా వచ్చింది. ఇలాంటి పాత ఇంజన్లలో అంకె ఎంతన్నదానికంటే ఆరూ సమానంగా ఉన్నాయా అన్నదే నేను చూస్తాను.

విడిభాగాలు కొనేముందు ఇంజన్ ఏ వైపు తిరుగుతుందో కూడా తేల్చుకోవాలి. కార్లో ఈ గొడవ ఉండదు. రెండు ఇంజన్ల పడవల్లో ఒకటి కుడికి, ఒకటి ఎడమకి తిరిగేలా పెట్టేవాళ్లు, లేకపోతే పడవ ఒక పక్కకి లాగేస్తుంది. అలా విడిపోయిన జంటలో ఒక ఇంజన్ మీ చేతికి రావచ్చు. స్టార్టరూ క్యామ్‌షాఫ్టూ దేనికి దానివే. ఎవరైనా "ఎడమ తిరుగుడు" అంటే ఏ చివర నిలబడి చూశారో అడగండి.

ఇప్పుడు నేను అస్సలు రాజీపడని విషయం. పడవ మూత విప్పగానే నాకు కనబడింది కారు ఆల్టర్నేటర్. ఎప్పుడో ఎవరో చవగ్గా వస్తుందని పెట్టేశారు. కార్లో దాంట్లోంచి చిన్న నిప్పురవ్వ వచ్చినా గాలికి పోతుంది. పడవలో అలా కాదు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు. పోదు, అడుగున చేరి కూర్చుంటుంది. అందుకే పడవలకి రవ్వ బయటికి రాకుండా చేసినవి వేరే అమ్ముతారు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, ధర మాత్రం రెట్టింపు ఉండొచ్చు. ఆ తేడా డబ్బులు మీ ప్రాణానికి కడుతున్నారనుకోండి. కార్బ్యురేటర్ నోటికి మంట బయటికి రాకుండా ఆపే జాలీ కూడా అలాంటిదే. 1940 ఏప్రిల్ 25 తర్వాత బిగించిన పెట్రోల్ ఇంజన్లకి అమెరికాలో అది తప్పనిసరి. షోలో అందంగా కనబడాలని దాన్ని తీసేసేవాళ్లని చూశాను. నేను ఆ పడవ ఎక్కను. తాళం తిప్పేముందు నాలుగు నిమిషాలు బ్లోయర్ వేసి, మూత తీసి, ముక్కుతో వాసన చూడటం పెద్దాయనకి ఇప్పుడు అలవాటైపోయింది.

చలికాలం ఇంకో శత్రువు. ఈ ఇంజన్లు సరస్సు నీళ్లనే లోపలికి లాక్కుని చల్లబడతాయి. ఆ నీళ్లు బ్లాక్‌లో ఉండిపోయి గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి. పోత ఇనుము ఆ ఒత్తిడికి పగులుతుంది. అక్టోబర్ దాటకుండా నీళ్లు తీసే బిరడాలన్నీ విప్పాలి. నీళ్లు రాలేదు కదా, ఖాళీ అయిందనుకోవద్దు. తుప్పూ బురదా రంధ్రానికి అడ్డుపడి ఉంటాయి. తీగ పెట్టి పొడిస్తే అప్పుడు బుడబుడమని వస్తాయి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ కూడా శీతాకాలమంతా ట్యాంకులో ఉంచొద్దు. అది తేమ పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలని తినేస్తుంది.

ఇక ఇంజన్ బిగించాక వెంటనే నీళ్లలోకి దింపి గ్యాస్ కొట్టేయాలని చేతులు దురదపెడతాయి. ఆగాలి. ఎండిన చెక్క నీళ్లు తాగి ఉబ్బుతుంది, పడవ ఆకారమే కొంచెం మారుతుంది. గట్టుమీద ఇంజన్‌కీ ప్రొపెల్లర్ షాఫ్ట్‌కీ కుదిర్చిన వరస నీళ్లలో తప్పుతుంది. మేం నాలుగు రోజులు పడవని రేవులో నానబెట్టి, అప్పుడు కప్లింగ్ వదులు చేసి, రెండు బిళ్లల మధ్య ఫీలర్ గేజ్ దూర్చి చుట్టూ చూశాం. అంగుళంలో వెయ్యో వంతులు మూడుకి మించి తేడా ఉండకూడదు. మాకు ఒక పక్క తొమ్మిది వచ్చింది. ఇంజన్ కాళ్ల కింద నట్లు అటూ ఇటూ తిప్పుకుంటూ మూడుకి దించేసరికి చీకటి పడింది. పెద్దాయన అప్పటికే రెండుసార్లు కాఫీ తెచ్చారు. స్టార్ట్ చేయడం మర్నాటికి వాయిదా వేశాం.