తండేలు ఎవరి మాట?

2025 ఫిబ్రవరిలో ‘తండేల్’ అను చలనచిత్రము వెలువడినది మొదలు మన కూటములలో ఒక వాదము వినబడుచున్నది. ఆ మాట గుజరాతీదనియు, దానిని తెలుగువారు నెత్తిన పెట్టుకొనుట తగదనియు కొందరందురు. కాదు, అది మన సొత్తేయని మరికొందరు. ఈ రెండును మాకు సమ్మతములు కావు.

యూలు, బర్నెలు దొరలు కూర్చగా 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ను చూడుడు. ఓడలో లస్కరులపై నుండు చిన్న అధికారిని ఆంగ్లేయులు ‘టిండాల్’ అనిరి. దానికి మలయాళపు ‘తండల్’తోపాటు తెలుగు ‘తండేలు’ను, మరాఠీ రూపమును గూడ అందు చూపిరి. చిత్రము రాకకు 139 ఏండ్లకు పూర్వమే మన మాట గ్రంథస్థమైనది గదా!

అర్థమైనను ఒకచోట నిలువలేదు. ఓడలో సరంగునకు క్రిందివాడు తండేలు. ఫిరంగి శాఖలో లస్కరుల పెద్దయు, కట్టడపు పనులలో కూలీల ముఠా నాయకుడును తండేలే. నేటి గుజరాతు వేటపడవలలో పడవ నడుపు నాయకుడే తండేలు. మహారాష్ట్ర, గుజరాతు తీరములలో అది యింటిపేరైనది. వ్యుత్పత్తియు ఒకటి గాదు. తెడ్డను అర్థముగల మలయాళ ‘తండు’ మూలమని ఒకరు, జనసమూహమను అర్థముగల ‘తాండా’ మూలమని వేరొకరు చెప్పిరి. పండితులే తేల్చని వ్యాజ్యమున మనము డిక్రీ చేతబట్టుకొని ఊరేగుట నగుబాటు.

మాటకు పుట్టినిల్లు వేరు, మెట్టినిల్లు వేరు. ‘సరంగు’, ‘లంగరు’ పారసీకమునుండి వచ్చినవే. వానిని వెడలగొట్టినచో మన రేవున పడవ నిలుచునా?

మాటపై హక్కు పనివలన కలుగును. ఉత్తరాంధ్రనుండి వెరావలు పోయి, అచటి పడవలపై వేటాడుచు 2018 నవంబరులో పాకిస్తాను వారికి చిక్కిన మత్స్యకారులలో 20 మంది 2020 జనవరిలో వాఘా వద్ద విడుదలైరి. అట్టి శ్రమజీవుల నోటనే ఆ మాట బ్రదికియున్నది. వారిని అడుగక తీర్పు చెప్పుటకు మనమెవరము?

ఒడిశాలోని పూరీ, గోపాలపురము తీరములలో తెలుగు జాలరులు తరతరములుగా కాపురమున్నారు. బడిలో ఒడియా చదువు పిల్లలకు తాతల పడవమాటలు చెప్పువారెవ్వరు? యంత్రపు పడవలు వచ్చిన పిదప తెరచాప మాటలు వాడువారు తగ్గిరి. వార్షికోత్సవములలో పద్యములు చదివించుడు, సంతోషమే. కాని ప్రతి సంఘమును ఒక నోటుపుస్తకముతో రేవునకు పోయి, పడవ భాగముల పేర్లు, గాలుల పేర్లు, చేపల పేర్లు వ్రాసికొనవలెను. చెప్పగల వృద్ధులు ఉన్నప్పుడే ఈ పని జరుగవలెనని మా మనవి.