గేటు దగ్గర క్రైస్తవుడు, కౌంటర్ దగ్గర హిందువు

ఇంటర్ ఫలితాలొచ్చాయంటే చాలు, మన పల్లెల్లో ఒక హడావుడి మొదలవుతుంది. పిల్లలు సర్టిఫికెట్లు పాలిథిన్ కవర్లో పెట్టుకుని, నాన్న చొక్కా ఇస్త్రీ చేయించుకుని తొడుక్కుని, టౌనుకు బస్సెక్కుతారు. ఈ పక్షం సంపాదకీయం భూమి మీద రాద్దామనుకున్నాం. కానీ పోయిన నెల నాలుగు పల్లెల్లో కూర్చుని క్రైస్తవ కాలేజీల్లో చదువుతున్న పిల్లలతో, చదివొచ్చిన వాళ్ళతో, మధ్యలో మానేసి ఇంటికొచ్చి మిర్చి కోతలకు పోతున్న వాళ్ళతో మాట్లాడాం. ఆ మాటలు విన్నాక ఇంకో రాత రాయబుద్ధి కాలేదు. భూమి సంగతి వచ్చే సంచికలో.

మిషన్ కాలేజీ అంటే మన తాతలకు గుడి కంటే ఎక్కువ. ఆ నమ్మకం ఊరికే రాలేదు. ఊరి బడి అరుగు మీదకి కూడా మనల్ని ఎక్కనివ్వని రోజుల్లో మిషన్ బడి పలకా బలపం ఇచ్చింది. 1866లో ఒంగోలులో క్లౌ దొర బడి పెడితే బ్రాహ్మల పిల్లలే వచ్చి కూర్చున్నారు. మాదిగలు బాప్తిస్మం తీసుకుని రావడం మొదలుపెట్టేసరికి, వాళ్ళుంటే మేముండమన్నారు పెద్దకులాల వాళ్ళు. క్లౌ దొర మాదిగల వైపు నిలబడ్డాడు. కరువు కాలంలో బకింగ్‌హాం కాలవ తవ్వకం పని కంట్రాక్టు తీసుకుని మనవాళ్ళకు కూలి దొరికేట్టు చేశాడు. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారంటే, అది బియ్యం కోసం అని వెక్కిరించే వాళ్ళకు ఈ చరిత్ర తెలియదు, తెలుసుకోరు.

అయితే రెండో చరిత్ర కూడా ఉంది. దాన్ని మన అయ్యగార్లు ప్రసంగాల్లో చెప్పరు. 1843లో బందరులో నోబుల్ దొర బడి పెట్టాడు. అదే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. పైకులాల పిల్లలు చదువుకుని క్రైస్తవులైతే కిందివాళ్ళంతా వాళ్ళ వెనకే వస్తారని ఆయన లెక్క. అందుకని వెలివాడ పిల్లల్ని లోపల కూర్చోబెట్టలేదు. కూర్చోబెడితే పైవాళ్ళు లేచిపోతారని భయం. ఆఖరికి 1852లో పైకులాల పిల్లలు ఇద్దరు బాప్తిస్మం తీసుకునేసరికి ఆ పైవాళ్ళే బడి ఖాళీ చేసిపోయారు! ఒంగోలు దారి ఒకటి, బందరు దారి ఒకటి. 1885లో గుంటూరులో లూథరన్ మిషన్ కాలేజీ మొదలుపెట్టినా, తర్వాత ఎక్కడ ఎవరు పెట్టినా, ఈ రెండు దార్లూ ఒకే కాంపౌండులో నడుస్తూనే వచ్చాయి. ఇవాళ పిల్లలు చెప్పే మాటల్లో మాకు రెండూ కనబడ్డాయి.

ముందు కాగితాల సంగతి చెప్పాలి. అసలు బాధ అక్కడే ఉంది.

అడ్మిషన్ కోసం గేటు దగ్గర అడిగే మొదటి కాగితం బాప్తిస్మం సర్టిఫికెట్. పాస్టరుగారి సంతకంతో లెటరు. మైనారిటీ సీటు కావాలంటే నువ్వు క్రైస్తవుడివని రుజువు చేసుకోవాలి. సరే, తెచ్చాం. పది అడుగులు నడిచి స్కాలర్‌షిప్ కౌంటర్ దగ్గరికెళితే అక్కడ కుల సర్టిఫికెట్ అడుగుతారు. ఎస్సీ కావాలంటే హిందువై ఉండాలి, సిక్కువై ఉండాలి, బౌద్ధుడివై ఉండాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అలా రాసింది. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రీస్తు దగ్గరికెళ్ళినవాడిని మాత్రం కలపలేదు. వాడు మన రాష్ట్రంలో బీసీ-సి. ఆ గ్రూపుకి ఉన్నది ఒక్క శాతం. ఊళ్ళో వాడి ఇల్లు మాలపల్లెలోనే ఉంటుంది, వాడి తండ్రి చచ్చిపోతే పూడ్చేది మాలపల్లె శ్మశానంలోనే, హోటల్లో వాడిని చూసే చూపు అదే చూపు. కాగితం మీద మాత్రం కులం మారిపోయింది.

దానితో మనవాళ్ళు ఏం చేస్తున్నారో మనకందరికీ తెలుసు. ఇంట్లో ఒక పేరు, సర్టిఫికెట్లో ఒక పేరు. ఆదివారం దానియేలు, సోమవారం దానయ్య. ఇది మోసం అని ఎవడైనా అంటే మేం ఒప్పుకోం. ఒక మనిషిని రెండుగా కోసింది చట్టం. రెండు ముక్కల్నీ మోసుకుని తిరుగుతున్నది పదిహేడేళ్ళ పిల్లోడు. వాడి ఫైల్లో బాప్తిస్మం కాగితం, ఎస్సీ కాగితం రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఆఫీసులో క్లర్కుకి వాడి మీద కోపమొస్తే ఒక్క ఉత్తరం ముక్క చాలు. మూడేళ్ళూ వాడు ఆ క్లర్కు ముందు తల వంచుకునే నడుస్తాడు. క్లాసులో అన్యాయం జరిగినా నోరెత్తడు. ఒకమ్మాయి మాతో అంది: "సార్, నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నేనే ఎవర్నీ ఏమీ అనలేకపోయాను."

1977లో ఆనాటి రాష్ట్ర ప్రభుత్వం 341 నంబరు జీవో ఇచ్చి, క్రైస్తవులైన ఎస్సీలకు చట్టంతో సంబంధం లేని రాయితీలు ఇవ్వొచ్చంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతానికీ ఎస్సీ హోదాకూ ముడి తీసెయ్యమని చెప్పింది. 2022లో బాలకృష్ణన్ గారి కమిషన్ వేశారు. 2023లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. ఇన్ని కాగితాల తర్వాత కూడా మన పిల్లోడి చేతిలో రెండు కాగితాలే ఉన్నాయి.

ఇక చదువు. తెలుగు మీడియంలో జిల్లా పరిషత్ బడిలో చదివినవాడు డిగ్రీ మొదటి రోజు క్లాసులో కూర్చుంటే లెక్చరర్ పెదాలు కదలడం కనబడుతుంది తప్ప మాట దిగదు. 2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే చేశారు. ఇంగ్లీషు వద్దని మేం అనం. అగ్రకులాల వాళ్ళు తమ పిల్లల్ని కాన్వెంటుకి పంపి మనకు తెలుగు తల్లి పాట పాడితే వినే రోజులు పోయాయి. కానీ నిచ్చెన మొదటి మెట్టు కోసేసి పైకెక్కమంటే ఎలా ఎక్కుతాడు? మొదటి సెమిస్టర్లో నాలుగు సబ్జెక్టులు పోతాయి. ఇంటికి ఫోన్ చేసి చెప్పలేడు. సంక్రాంతికి వచ్చినవాడు మళ్ళీ పోడు. మానేసిన వాళ్ళలో ఎక్కువమంది చెప్పింది ఇదే, కొంచెం అటూ ఇటూగా.

మంచి కూడా చెప్పాలి. సాయంత్రం ఏడు దాకా మన పిల్లల్ని కూర్చోబెట్టి గ్రామర్ చెప్పే లెక్చరర్లు ఉన్నారు. తన జేబులోంచి పరీక్ష ఫీజు కట్టిన సిస్టరమ్మ ఉంది. లైబ్రరీలో అంబేద్కర్ సంపుటాలు మొదటిసారి చేతికి తగిలింది అలాంటి కాలేజీలోనే అని ఇద్దరు చెప్పారు. మాలోనూ ఒకరికి అంతే. మా ఇళ్ళలో డిగ్రీ మొదట చూసింది మేమే, ఆ కాంపౌండు గోడ లోపలే చూశాం. కాబట్టి రాళ్ళేసి పారిపోయే పని మాది కాదు.

కానీ అదే గోడ లోపల, పేరు చెప్పం, మా రోజుల్లో స్కాలర్‌షిప్ లిస్టు నోటీసు బోర్డు మీద అంటించేవాళ్ళు. పేరు, తండ్రి పేరు, కులం. అప్పటిదాకా భుజం మీద చెయ్యేసుకుని తిరిగిన స్నేహితుడు ఆ మధ్యాహ్నం నుంచి వేరే టేబుల్ దగ్గర అన్నం తిన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. టేబుల్ మారాడు, అంతే. ఇప్పుడు లిస్టు బోర్డు మీద కాకుండా వాట్సాప్ గ్రూపులో పడుతోందట. ఎక్కువమందికి చేరుతుంది, అదీ ప్రగతి!

"మీరేమిట్లు?" అనే ప్రశ్న హాస్టల్లో మొదటి రాత్రే వస్తుందని అందరూ చెప్పారు. సూటిగా అడగరు. ఊరి పేరడుగుతారు, ఊళ్ళో ఎటువైపు అంటారు, ఇంటిపేరు అంటారు, మీ చర్చి ఏది అంటారు. అవును, చర్చి పేరు చెబితే కులం తెలిసిపోతుంది. లూథరన్ అంటే ఒకటి, బాప్టిస్టు అంటే ఒకటి, ఫలానా ఊరి కథోలికులు అంటే రెడ్లా కమ్మలా అని ఒక లెక్క. క్రీస్తులో భేదం లేదని బోర్డు రాసిన చాపెల్లోనే ఈ లెక్కలు నడుస్తాయి. క్వయర్ నిండా మన పిల్లలే, గొంతులు మనవే. కాలేజీ యూనియన్ ప్రెసిడెంటు మాత్రం మనవాడు కాడు. ఆడపిల్లల పరిస్థితి ఇంకా ఇరుకు. బాగా చదివితే రిజర్వేషన్ అంటారు, బాగా తయారైతే ఇంకోటంటారు.

నవ్వినా, కాలు చాపుకున్నా నేరమే అన్నది మనకు కొత్త కాదు. 1991లో చుండూరు గొడవ ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు సీటుకి తగలడం దగ్గర. అది ఆగస్టు 6న ఎనిమిది శవాల దాకా పోయింది. చదువుకున్నవాడు కాలు ముడుచుకోడు, అదే వాళ్ళకు మంట. కాలేజీ క్యాంటీన్లో టేబుల్ మారడం చిన్న విషయం అనేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన సంగతి కూడా మాట్లాడదాం. హాస్టల్లో మాల పిల్లలు ఒక గది, మాదిగ పిల్లలు ఒక గది చేసుకున్న చోటు మేం చూశాం. వార్డెన్ పెట్టిన ఏర్పాటు కాదది. మన పెద్దలు చర్చి కమిటీ ఎన్నికల్లో నేర్పింది.

యాజమాన్యాల్ని మేం ఒక ప్రశ్న అడుగుతున్నాం. మీ కాలేజీలకు మైనారిటీ హోదా ఉంది. రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన హక్కది, మేం కాదనడం లేదు. 2005లో చేసిన 93వ సవరణ ప్రకారం ప్రైవేటు కాలేజీలకు కూడా అడ్మిషన్లలో రిజర్వేషన్ పెట్టొచ్చు, మైనారిటీ సంస్థలకు తప్ప. ఆ మినహాయింపు మీకు ఎవరి తలలు లెక్కపెడితే వచ్చింది? ఈ తెలుగు నేల మీద క్రైస్తవులంటే అత్యధికులు మాల మాదిగలే కదా! మా తలలు చూపించి హోదా తెచ్చుకుని, మా పిల్లలకు ఫీజు కట్టలేదని హాల్ టికెట్ ఆపుతారా? ప్రభుత్వం రీయింబర్స్‌మెంట్ బకాయి పెడితే ప్రభుత్వాన్ని అడగండి, మేమూ వచ్చి మీతో కూర్చుంటాం. 2021లో ఎయిడెడ్ కాలేజీల్ని సర్కారు లాక్కుంటుందని మీరు రోడ్డెక్కినప్పుడు ఎండలో నిలబడ్డది పిల్లలే. 2022లో మన పూల ఆంథోనీ గారు కార్డినల్ అయితే దళితుడికి దక్కిన గౌరవమని ఫ్లెక్సీలు కట్టారు, సంతోషించాం. అదే ఫ్లెక్సీ పక్కన, మీ కాలేజీలో ఈ ఏడు చేరిన పల్లె పిల్లలెందరు, మూడో ఏడు దాకా మిగిలినవాళ్ళెందరు, లెక్చరర్లలో మావాళ్ళెందరు అన్న లెక్క కూడా కట్టండి.

కార్యకర్తలకు: జూన్లో ఏ పిల్లోడూ ఒంటరిగా కాలేజీకి పోకూడదు. ప్రతి పల్లె నుంచి చదువుకున్నవాళ్ళు ఒకరు తోడు వెళ్ళండి. బీసీ-సి సర్టిఫికెట్ కావలసిన వాళ్ళకు ఎమ్మార్వో ఆఫీసులో ఇప్పుడే దరఖాస్తు పెట్టించండి, ఆఖరి రోజు దాకా ఆగొద్దు. స్కాలర్‌షిప్ లిస్టులో కులం గడి బయటికి రాకూడదని ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. మొదటి సెమిస్టర్ పిల్లలకు మన పల్లె చర్చి హాల్లోనే ఆదివారం ఆరాధన అయ్యాక రెండు గంటలు ఇంగ్లీషు చెబుదాం. మాలో టీచర్లం ఉన్నాం, వస్తాం. ముందు ఏ పల్లెలో మొదలుపెట్టాలో, హాలు తాళం ఎవరి దగ్గరుందో కార్డు రాయండి.