పేరుకు ముందు ‘బాల’ అలా వచ్చింది

కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉండే ఊరు శంకరగుప్తం. 1930 జులై 6న అక్కడ పుట్టిన మురళీకృష్ణకు తల్లి సూర్యకాంతమ్మ వీణ వింటూ పెరిగే భాగ్యం దక్కలేదు. పసివాడిగా ఉండగానే ఆమె కన్నుమూసింది. తండ్రి మంగళంపల్లి పట్టాభిరామయ్య వేణు విద్వాంసుడు. కొడుకు ధ్యాసంతా పాట మీదే ఉందని గ్రహించి పారుపల్లి రామకృష్ణయ్య పంతులుకు అప్పగించాడు.

అప్పగించింది ఎవరికో చూడండి! త్యాగరాజు శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయన శిష్యుడు పంతులుగారు. త్యాగయ్య నుంచి లెక్కేస్తే ఈ కుర్రాడు అయిదోవాడు. ఇక బడి చదువంటారా, అది ఎంతో దూరం సాగలేదు.

ఎనిమిదేళ్లప్పుడు విజయవాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కచేరీ చేశాడు. హరికథా విద్వాంసుడు ముసునూరి సూర్యనారాయణ మూర్తి భాగవతార్ ముచ్చటపడి పేరుకు ముందు ‘బాల’ చేర్చారు. అంతే, జీవితాంతం బాలమురళీకృష్ణే!

బాలమేధావులు సంగీతంలో కొత్త కాదు. పెద్దలు నేర్పింది అచ్చంగా అప్పగించేవాళ్లే ఎక్కువ. ఈ కుర్రాడు అక్కడ ఆగలేదు. పదిహేనేళ్లు వచ్చేసరికి 72 మేళకర్త రాగాలూ పట్టుబడ్డాయి. వాటిలో సొంతంగా కృతులు కట్టడానికి పూనుకున్నాడు. అదేమంత గొప్ప అనుకోవద్దు. ఆ 72లో 40 వివాది మేళాలు. పక్కపక్క స్వరాలు ఒకదానికొకటి పొసగక గొంతుకు పరీక్ష పెడతాయి. పాడితే కీడు జరుగుతుందన్న నమ్మకమూ ఉండేది. పెద్ద విద్వాంసులే పక్కన పెట్టిన రాగాలను మీసాలు రాని వయసులో ముట్టుకోవడమంటే మాటలా?

గాత్రమొక్కటే కాదు... వయోలిన్, వయోలా, మృదంగం, కంజిర కూడా వాయించారు. విజయవాడ రేడియో కేంద్రంలో పనిచేశారు. అక్కడి ‘భక్తిరంజని’తో ఆయన గొంతు తెల్లవారుతూనే తెలుగిళ్లలో వినిపించేది. బెజవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ కూడా ఆయనే.

తర్వాతి సాహసం మరీ పెద్దది. రాగానికి కనీసం అయిదు స్వరాలుండాలన్నది సంప్రదాయం. ఆయన షడ్జమం, రిషభం, మధ్యమం, దైవతం... ఈ నాలుగింటితోనే ‘లవంగి’ పాడారు. ‘మహతి’కీ నాలుగే. ‘సర్వశ్రీ’కి మూడే! 1975లో వచ్చిన తమిళ చిత్రం ‘అపూర్వ రాగంగళ్’లో మహతి సినిమా పాటైంది. కానీ 1980ల్లో వీణ విద్వాంసుడు ఎస్.బాలచందర్ అసలివి కొత్త రాగాలేనా అని గట్టిగా నిలదీశారు. వాదన పత్రికలకెక్కింది. నిజానికి ఆ ప్రశ్నలో పసలేకపోలేదు. స్వరాలు ఎవరి సొత్తూ కాదు కదా! అయితే నాలుగు మెట్ల మీద కచేరీ నిలబెట్టిన గొంతు మాత్రం అచ్చంగా ఆయనదే.

72 మేళకర్తల కృతుల మీద ఇలాంటి పేచీ లేదు. అవి ‘జనకరాగ మంజరి’గా 1952లో అచ్చయ్యాయి. తర్వాత ‘రాగాంగ రవళి’ పేరుతో తొమ్మిది భాగాలుగా రికార్డయ్యాయి. 2016 నవంబరు 22న చెన్నైలో ఆయన కన్నుమూశారు. కావాల్సినవారు ఆ రికార్డుల్లో ఇప్పటికీ వినొచ్చు.