రెండో సీసా

సాలువాలో ఉండే మా పిన్ని మొన్న వేసవిలో మూడు రోజులు విరేచనాలతో పడి లేచింది. కాళ్ల వాపుకి నీళ్ల మాత్ర ఎలాగూ వేసుకుంటోంది. అదీ ఇదీ కలిసి ఒంట్లో పొటాషియాన్ని తోడేశాయి. పిక్కలు పట్టేసి మంచం దిగలేకపోతే ఆటోలో ఖరగ్‌పూర్ తీసుకెళ్లాం. రక్తంలో 3.5 నుంచి 5 దాకా ఉండాల్సింది 2.9 ఉంది. డాక్టరు సిరప్ రాసి, ఐదు రోజులు తాగి మళ్లీ పరీక్ష చేయించమన్నారు.

ఐదు రోజులకి పిన్నికి సత్తువ వచ్చింది. పరీక్ష మానేసి, పాత చీటీ చూపించి రెండో సీసా తెప్పించుకుంది. "బలం మందు కదరా, తాగితే తప్పేంటి?"

నా పేచీ ఈ రెండో సీసాతోనే. కిడ్నీలు బాగుంటే ఎక్కువైన పొటాషియం మూత్రంలో పోతుంది. అవి మందగించినవాళ్లకీ, టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనొలాక్టోన్ లాంటి మాత్రలు వాడేవాళ్లకీ రక్తంలోనే పేరుకుపోవచ్చు. తగ్గితే గుండె లయ తప్పినట్టే పెరిగినా తప్పుతుంది, అదీ ఒక్కోసారి ఏ సూచనా లేకుండా. పిన్ని వేసుకునే బీపీ మాత్ర టెల్మిసార్టానే.

పైగా కొలత! షాపులో "దో ఢక్కన్", అంటే రెండు మూతలు, అన్నారట. మూత ఎక్కడో పడిపోతే పిన్ని పోపు గరిటెతో పోసుకుంటోంది. మామూలుగా దొరికే సిరప్‌లో 15 మిల్లీలీటర్లకి ఒకటిన్నర గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. లీటరు నీళ్లలో కలిపే ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌లో ఉండేదీ అంతే. లీటరు సరుకు ఒక్క గుటకలో దిగితే కడుపు మండదూ? అన్నం తిన్నాక, గ్లాసుడు నీళ్లలో కలిపి, మెల్లగా తాగాలి. మాత్రలైతే నలగ్గొట్టకుండా మింగాలి. ఇంజెక్షన్ సంగతి వేరే: సెలైన్‌లో కలిపి, ఆస్పత్రిలో, చుక్కచుక్కగా ఎక్కించాల్సిందే. నేరుగా నరంలోకి పొడిస్తే గుండె ఆగిపోతుంది. మందు వాడుతున్నా అంకె పెరగకపోతే మెగ్నీషియం కూడా చూడమని అడగండి. అది తక్కువుంటే పొటాషియం నిలవదు.

నేను వెళ్లేసరికి రెండో సీసా సగమైంది. పరీక్ష చేయిస్తే 5.6. డాక్టరు సిరప్ ఆపేయమన్నారు, కొబ్బరి బోండాలు కూడా కొన్నాళ్లు వద్దన్నారు.

మిగిలిన సగం ఇంకా దేవుడి గూటి పక్కనే ఉంది. డబ్బులు పోసి కొన్నది పారబోస్తామా అంటోంది పిన్ని.