మోటారుసైకిలు ఆయిలు

తెల్లవాఱుజామున చేవెళ్ల, మొయినాబాదు పల్లెలనుండి పూలమూటలును కూరగాయల బుట్టలును మోసికొని హైదరాబాదు అంగళ్ళకు పరుగిడు మోటారుసైకిళ్ళను బీజాపురపు బాటపై నెవ్వరైనను చూడవచ్చును. ఎడ్లకు కుడితి పెట్టుటలో మన పెద్దలు చూపిన శ్రద్ధలో నాలవపాలైనను ఈ బండ్ల ఆయిలు విషయమున మనము చూపుట లేదని చెప్పుటకు మాకు విచారముగా నున్నది. బండి దారిలో నిలిచెనా, గుడిమల్కాపురపు బేరము ముగిసి పూలు వాడిపోవును. కావున నిది వేడుకకాండ్ర ముచ్చట గాదు.

ఆయిలు నెట్లు కొనుచున్నాము? డబ్బాపై బొమ్మ చూచి కొందఱు, వెల చూచి కొందఱు, చిక్కనిదే మేలని నమ్మి మఱికొందఱు. ఈ కడపటి నమ్మకమే మిక్కిలి హానికరము. 10డబ్ల్యు-30 అను గుర్తులో మొదటి యంకె చల్లని వేళ ఆయిలు పాఱు గుణమును, రెండవది కాగిన పిమ్మట నిలుచు చిక్కదనమును తెలుపును. స్ప్లెండరువంటి చిన్న బండికి నిర్మాతలు విధించినది 10డబ్ల్యు-30. పాత ఇనుప ఇంజను బుల్లెట్టునకు 20డబ్ల్యు-50 పోయుట చూచి దానినే దీనికిని పోసినచో, ఉదయమున ఇఱుకు మార్గములందు ఆయిలు సకాలమున చేరదు. పెట్రోలును అధికముగ కాలును. బండితో వచ్చిన చిన్న పుస్తకమును పెట్టెలో దాచుటకు గాదు ఇచ్చినది.

మఱియొక విశేషము కలదు. మోటారుసైకిలులో క్లచ్చియు గేర్లును ఇంజను ఆయిలులోనే మునిగి తిరుగును. కార్ల ఆయిళ్ళలో పెక్కింటికి జాఱుడు హెచ్చించు మందులు కలుపుదురు. అట్టిదానిని పోసిన క్లచ్చి పట్టు తప్పును. ఇంజను గర్జించును గాని బండి సాగదు. అందుచేతనే జపానువారు 1998లో ప్రమాణము నేర్పఱచి, మోటారుసైకిళ్ళ ఆయిలునకు జాసో ఎం.ఏ. అనియు, క్లచ్చి ఆయిలులో మునుగని స్కూటర్లకు ఎం.బి. అనియు గుర్తులిడిరి. ఇంట రెండు బండ్లున్నచో ఒకే డబ్బాతో రెంటికిని సరిపెట్టరాదు. గుర్తు పరదేశపుదైనను సరకు మనదే దొరకును. ఇండియన్ ఆయిల్ వారి సర్వో, భారత్ పెట్రోలియం వారి మాక్ ఉండగా విదేశీయ నామమునకు హెచ్చు వెల యిచ్చుట యేల?

ఇక ఫిల్టరు. పల్సరువంటి బండ్లకు కాగితపు ఫిల్టరు కలదు. అది మురికితో నిండిన, ఆయిలు పాఱుట తగ్గును, లేదా పక్కదారి కవాటమున్నచోట వడపోయని ఆయిలే లోనికి పోవును. రబ్బరు వలయము నలిగినను, ఫిల్టరు తలక్రిందుగా పెట్టినను అంతే కీడు. స్ప్లెండరునకు కాగితపు ఫిల్టరే లేదు. గిఱ్ఱున తిరుగుచు మురికిని వెడలగొట్టు గిన్నెయు, తీగెజాలియు మాత్రముండును. దానికి ఫిల్టరు మార్చితినని వెల యడుగువానిని, ఎచట బిగించితివో చూపుమని యడుగుడు.

సీలు చూడక, రసీదు లేక కొనకుడు. ఖాళీ డబ్బాను కోసియే పాఱవేయుడు. పాత డబ్బాలలోనే నకిలీ సరకు నిండుచున్నది.

అన్నిటికంటె మా మనస్సును నొప్పించునది తీసివేసిన నల్లని ఆయిలు. చిన్న బండిలో నది లీటరుకు మించకపోవచ్చును. కాని 1908 నాటి మూసీ వఱదల పిమ్మట కట్టబడిన గండిపేట, హిమాయత్ సాగరముల నీటిపట్టులోనే మొయినాబాదు పల్లెలున్నవి. మెకానిక్కు దుకాణము వెనుక నేలపై పోసినది వానలతో ఏ వాగున చేరునో వేఱుగ చెప్పనక్కఱలేదు. 2016 నాటి నియమములు వాడిన ఆయిలును ప్రమాదకర వ్యర్థములలో చేర్చినవి. శుద్ధిచేసిన నది మరల ఆయిలగును. ముడినూనెలో నూటికి ఎనుబది పాళ్ళకు మించి పరదేశములనుండి కొను దేశము దానిని మట్టిలో పోయుచున్నది! చేవెళ్ల, మొయినాబాదు పురపాలికలవారు ప్రతి మెకానిక్కు దుకాణమున నొక మూతగల పీపా నుంచునట్లు ఆజ్ఞాపించి, అనుమతిగల శుద్ధి కర్మాగారమునకు నెలనెల చేర్పింపవలెను. దీనికి నిధులు లేవని చెప్పిన మేము నమ్మము.