ఐబ్ రంగులో కాదు, నియ్యత్‌లో

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే భాయ్‌లలో ఒక మంచి దస్తూర్ చూస్తాం. పేజీ చిరిగి ఉంటే ముందే తిప్పి చూపిస్తారు. 'దేఖ్ లో సాబ్' అని ధర తగ్గిస్తారు. వంద రూపాయల సౌదాలో ఉన్న ఈ ఈమాన్‌దారీ పది లక్షల సౌదాలో ఎందుకు ఉండదు?

అద్దాల షోరూమ్‌లో రిబ్బన్, మిఠాయి, ఫోటోల మధ్య కొత్త కారు చేతికిస్తారు. మర్నాడు ఎండలో చూస్తే తలుపు మీద నారింజ తొక్కలా గరుకు. బానెట్‌పై రంగు కింద ఇరుక్కున్న దుమ్ము. ఫెండర్‌ది ఒక షేడ్, డోర్‌ది ఇంకో షేడ్. వెళ్లి అడిగితే జవాబ్ తయార్: 'ఛోటీ సీ బాత్ సార్! పాలిష్ కొట్టిస్తాం, లేదంటే ఆ ప్యానెల్ ముఫ్త్‌గా మళ్లీ పెయింట్ చేయిస్తాం.' మనం షుక్రియా చెప్పి తాళం ఇచ్చేస్తాం. నా ఝగడా ఈ షుక్రియాతోనే.

ఫ్యాక్టరీలో ఖాళీ బాడీని తొట్టిలో ముంచి, కరెంటుతో పూత ఎక్కించి, దాదాపు 160 నుంచి 180 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఆపైన ప్రైమర్, రంగు, క్లియర్ కోట్. తయారైన కారులో సీట్లు, వైర్లు, ప్లాస్టిక్ ఉంటాయి కనుక వర్క్‌షాపు బూత్‌లో 60 డిగ్రీల దగ్గరే ఆరబెడతారు. రెండూ ఒకటి కావు. ఇక పాలిష్ అంటారా, క్లియర్ కోట్ మందమే 40, 50 మైక్రాన్లు, వెంట్రుక కన్నా సన్నం. రుద్దిన కొద్దీ అరిగేది అదే.

ప్రతి గరుకూ ధోకా కాదు, ఒప్పుకుంటా. కొంత ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. ధోకా ఎక్కడంటే, లారీలోనో యార్డులోనో తగిలిన దెబ్బకు రంగు పూసి, నోరు మూసుకుని 'కొత్తది' అని అమ్మడంలో.

1990లో అమెరికాలోని అలబామాలో ఒక డాక్టర్ 40 వేల డాలర్లకు కొత్త బీఎండబ్ల్యూ కొన్నాడు. తొమ్మిది నెలల తర్వాత తెలిసింది, అది అమ్మకానికి ముందే మళ్లీ రంగు వేసిన కారని. రిపేరు ఖర్చు ధరలో 3 శాతం లోపుంటే చెప్పకుండా అమ్మడం కంపెనీ పాలసీ. జ్యూరీ 40 లక్షల డాలర్ల శిక్షా పరిహారం వేసింది. రాష్ట్ర సుప్రీంకోర్టు సగం చేసింది, అదీ మరీ ఎక్కువని 1996లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. కానీ జ్యూరీ తీర్పు వచ్చిన కొద్ది రోజులకే, ఎంత చిన్న రిపేరైనా ముందే చెప్పాలని కంపెనీ తన పద్ధతి మార్చుకుంది. అంటే చెప్పడం ముష్కిల్ కాదు. చెప్పించేవాడు కావాలి.

మన సుప్రీంకోర్టు 2006లో మారుతి కేసులో, చెడిన పార్టు మారిస్తే చాలు, కారు మొత్తం మార్చనక్కర్లేదంది. కంపెనీల వకీళ్లు ఇదే పట్టుకుంటారు. ఆ కేసు క్లచ్‌ది. మరి రంగు విషయంలో మార్చే పార్టు ఏది? ఫ్యాక్టరీ పూత మళ్లీ ఫ్యాక్టరీ పూతలా ఏ బూత్‌లోనూ రాదు. వాళ్లు ఇలాజ్ అంటున్నది రెండో నుక్సాన్. కనుక ధర తగ్గింపో, పరిహారమో, వేరే కారో అడగడం ఖరీదుదారు హక్కు.

'అదాలత్ చుట్టూ ఎవరు తిరుగుతారు మియా' అంటారు. ఫికర్ సహీ. హైదరాబాద్‌లో 2009లో ఓ కంపెనీ కొన్న బీఎండబ్ల్యూ ఝగడా 2024 జూలైలో, 50 లక్షల పరిహారంతో, సుప్రీంకోర్టులో తేలింది. అది ఖామోషీకి కారణం కారాదు, రిజిస్ట్రేషన్‌కు ముందే కళ్లు తెరవడానికి కారణం కావాలి. పగటి వెలుతురులో చూడండి. మందం కొలిచే గేజ్ పెట్టించండి. ఒక ప్యానెల్ రీడింగ్ మిగతావాటికి రెట్టింపు చూపిస్తే డెలివరీ తీసుకోవద్దు. మాట నోటితో వద్దు, రాతలో పెట్టండి. అయినా వినకపోతే నాంపల్లిలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 కానూన్ ప్రకారం గడువు రెండేళ్లు. 10 నుంచి 20 లక్షల కారుకు దర్ఖాస్తు ఫీజు 400 రూపాయలు. షోరూమ్‌లో మనకు అంటగట్టే కోటింగ్ ఖర్చులో ఇది ఏ మూలకు?

సర్కారును అడగాల్సింది ఒక్కటే: అమ్మే ముందు కారుకు జరిగిన ప్రతి రిపేరూ ఇన్‌వాయిస్ మీద రాయాలి. ఐబ్ చూపించి అమ్మితే తిజారత్. దాచి అమ్మితే దానికి వేరే పేరుంది.