సర్ది పంపడం కూడా పనే

గత సంచికలో డిపాజిట్లకు నామినేషన్ ఎందుకు రాయించుకోవాలో ముచ్చటించుకున్నాం. ఈసారి వడ్డీలూ నామినేషన్లూ కాస్త పక్కన పెడదాం. కృష్ణగిరి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం నన్ను వేరే దారి పట్టించింది.

"మా అబ్బాయి ఇంజనీరింగు చదివాడు. అందరిలా బెంగళూరు బస్సెక్కకుండా ఇక్కడే ఉండి కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి అమ్ముతున్నాడు. మామిడి మండీలలో తూకాలు, బిల్లులు, రైతుల బాకీలు చూసే ప్రోగ్రాం ఒకటి చేశాడు. మా ఇంటి కంప్యూటర్లో చక్కగా నడుస్తుంది. మండీలో పెడితే కొన్నిచోట్ల అసలు తెరుచుకోదు. తెరుచుకున్నచోట తెలుగు పేర్లు సరిగా కనపడవు. షావుకార్లు మిగతా సొమ్ము ఇవ్వమంటున్నారు. బ్యాంకు వాయిదా దగ్గర పడుతోంది. తప్పు ఎవరిదండీ?" అని ఆమె ప్రశ్న.

నేను బి.కాం. చదివినవాణ్ణి, ప్రోగ్రాములు రాయడం నా చేతకాదు. అయితే బ్యాంకులోకి కంప్యూటర్లు ఒక్కొక్కటే రావడం కళ్లారా చూసినవాణ్ణి. పైగా మా మేనల్లుడు ఎలక్ట్రానిక్ సిటీలో ఇదే పనిలో ఉన్నాడు. అతను హోసూరు వచ్చిన ఒక ఆదివారం కూర్చోబెట్టి, తెలియనివన్నీ అడిగి రాసుకున్నాను. ఆ రాసుకున్నదే ఈ వ్యాసం.

సమాధానం ముందే చెప్పేస్తాను. ప్రోగ్రాం రాయడంలో తప్పు లేకపోవచ్చు. డబ్బు ఆపిన షావుకారుదీ తప్పు కాదు. లోపమంతా సర్ది పంపడంలో ఉంది.

కృష్ణగిరి వాళ్లకు ఈ సంగతి మామిడికాయతో చెబితే తేలిక. పచ్చికాయలు బుట్టకెత్తి చుట్టాలకు పంపామనుకోండి. వాళ్లింట్లో గడ్డి ఉండాలి, వేయడానికి ఒక మూల ఉండాలి, మాగవేసే పద్ధతి తెలిసిన పెద్దావిడ ఉండాలి. ఇవేవీ లేకపోతే కాయ ఎంత మంచిదైనా చెడిపోతుంది. మనింట్లో ఇవన్నీ ఎప్పుడూ ఉంటాయి కనుక, వాళ్లింట్లో లేవన్న సంగతి మనకు తట్టదు. అదే మన జిల్లా ఫ్యాక్టరీలు తోతాపురి గుజ్జును డబ్బాల్లో మూసి పంపితే సముద్రం అవతల కూడా నిశ్చింతగా వాడుకుంటారు. డబ్బా మూత తెరిచే సాధనం ఒక్కటి వాళ్ల దగ్గర ఉంటే చాలు.

కంప్యూటర్ ప్రోగ్రాం సంగతీ అంతే. మనం రాసింది వంద పాళ్లలో పది పాళ్లే. తేదీలు లెక్కకట్టడం, ఖాతాలు దాచడం, బిల్లు అచ్చువేయడం వంటి పనులకు ఇతరులు ఎప్పుడో రాసిపెట్టిన ఫైళ్లను వాడుకుంటాం. వీటిని డిపెండెన్సీలు అంటారు, మనం తోడు ఫైళ్లు అందాం. ప్రోగ్రాం రాసేవాడి కంప్యూటర్లోకి ఇవి పని నేర్చుకునే రోజుల్లోనే ఒకటొకటిగా వచ్చి చేరతాయి. అందుకే అక్కడ ప్రోగ్రాం నడుస్తుంది. మండీలోని కంప్యూటర్లో అవి ఉండవు, ఉన్నా పాతవి ఉంటాయి.

ఈ బాధ కొత్తది కాదు. విండోస్ 95, 98 రోజుల్లో ఇది మరీ ఎక్కువ. 1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6తో మన దేశంలో చిన్న వ్యాపారాలకు ఎన్నో ప్రోగ్రాములు తయారయ్యాయి. ఆ ప్రోగ్రాం నడవాలంటే విజువల్ బేసిక్ వారి రన్‌టైం ఫైలు కూడా కొన్నవారి కంప్యూటర్లో ఉండాలి. ఇలాంటి డీఎల్ఎల్ ఫైళ్లను ఎన్నో ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునేవి. వాడలో నాలుగిళ్లకూ ఒకే రోలు ఉన్నట్టన్నమాట. కొత్త ప్రోగ్రాం పెట్టేటప్పుడు అది తన పాత రోలు తెచ్చి, ఉన్న మంచి రోలు తీసేసి అక్కడ పెట్టేది. ఆ పూట దాని రుబ్బు సాగేది, మిగతా మూడిళ్లలో పొయ్యి వెలిగేది కాదు. ప్రోగ్రాములు రాసేవాళ్లే దీనికి 'డీఎల్ఎల్ నరకం' అని పేరు పెట్టుకున్నారు. విండోస్ 2000 తన ముఖ్యమైన ఫైళ్లకు కాపలా పెట్టింది. 2001లో వచ్చిన ఎక్స్‌పీ ఒకే ఫైలు వేర్వేరు వెర్షన్లు పక్కపక్కనే ఉండే ఏర్పాటు చేసింది. నరకం కాస్త చల్లబడింది గాని మూతపడలేదు.

ఇక తెలుగు పేర్లు కనపడకపోవడం. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో ఉన్న మనకు ఇది మరీ దగ్గరి విషయం.

యూనికోడ్ వాడుకలోకి రాకముందు ఒక్కో సంస్థ ఫాంటులో అక్షరాల అమరిక ఒక్కో తీరుగా ఉండేది. హైదరాబాదు వారి అను ఫాంటులో కొట్టిన వ్యాసాన్ని పుణె వారి శ్రీలిపి ఉన్న కంప్యూటర్లో తెరిస్తే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. వ్యాసంతో పాటు ఆ ఫాంటు కూడా ఉండితీరాలి. ఫాంటు కూడా ఒక తోడు ఫైలేనని మన పత్రికలవారికి ఆనాడే అనుభవంలోకి వచ్చింది.

యూనికోడ్ వచ్చాక అక్షరానికి అంతటా ఒకే సంఖ్య అయింది. అయినా చిక్కు పూర్తిగా తీరలేదు. విండోస్ 2000లోనే తమిళానికీ హిందీకీ చోటు దొరికింది, తెలుగుకు మాత్రం ఎక్స్‌పీ దాకా ఆగాల్సి వచ్చింది. ఎక్స్‌పీలోనూ భాషల అమరికలోకి వెళ్లి, ఒక గడిలో టిక్కు పెట్టి, అడిగినప్పుడు విండోస్ సీడీ వేస్తేనే ఒత్తులు కుదురుగా కనపడేవి. లేకుంటే లక్ష్మమ్మ గారి పేరులో ఏ అక్షరానికా అక్షరం విడివిడిగా నిలబడేది. ఫాంటు ఒక్కటే చాలదు, అక్షరాలను కలిపి చూపే యంత్రాంగమూ తోడుండాలి.

2005లో కేంద్ర ప్రభుత్వం వారి టీడీఐఎల్ కార్యక్రమం కింద తమిళం, హిందీ, తెలుగు భాషలకు ఉచిత సీడీలు వచ్చాయి. ఫాంట్లు, కీబోర్డు, ఉత్తరాలూ లెక్కలూ రాసుకునే ఓపెన్ ఆఫీస్, బ్రౌజరు అన్నీ ఒకే సీడీలో ఉండేవి. దాని మంచిచెడ్డలు ఎలా ఉన్నా ఆలోచన మాత్రం సరైనది. ప్రోగ్రాం ఇచ్చి, "ఫాంటు మీరే వెతుక్కోండి" అనలేదు.

మరి ఇప్పుడు? ఎక్స్‌పీ నుంచి తెలుగుకు గౌతమి, తమిళానికి లత, కన్నడకు తుంగ ఫాంట్లు విండోస్‌తోనే వచ్చేవి. మూడు భాషల పేర్లూ కలగలిసే మన ప్రాంతానికి ఇది పెద్ద వరం. ఈ అలవాటుతో చాలామంది తమ ప్రోగ్రాంలో గౌతమి పేరు రాసేసి ఊరుకున్నారు. కానీ విండోస్ 10 వచ్చేసరికి ఈ మూడూ అదనపు ఫాంట్ల జాబితాలోకి వెళ్లాయి. కావాలనుకుంటేనే వచ్చి చేరతాయి. మామూలుగా ఉండేది నిర్మల యూఐ. దాని కొలతలు వేరు కనుక గౌతమిని బట్టి గీసిన బిల్లులో పేరు గడి దాటిపోవచ్చు. ఇంకో మెలిక కూడా ఉంది. బిల్లును పీడీఎఫ్‌గా మార్చే కొన్ని తోడు ఫైళ్లకు తెలుగు ఒత్తులు కలపడం రాదు. తెర మీద బాగున్న పేరు కాగితం మీద విరిగిపోతుంది. సోదరి గారి అబ్బాయి ఈ రెండూ చూసుకోవాలి.

అయితే అన్నీ పెట్టెలో పెట్టేస్తే సరిపోతుందా? ఇక్కడ లెక్క వేసుకోవాలి. 2002లో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ తెచ్చినప్పుడు దాని రన్‌టైం సుమారు 20 ఎంబీ. 56 కేబీపీఎస్ టెలిఫోన్ మోడెంతో, అన్నీ కలిసొస్తేనే దింపుకోవడానికి ముప్పావు గంట పైన పట్టేది. అందుకని "అది మీ దగ్గర ఉండాలి" అని రాసి వదిలేసేవారు. ఇవాళ ఆ సాకు చెల్లదు. పైథాన్‌లో రాసినవారికి పైఇన్‌స్టాలర్ ఉంది, జావా వారికి 2021 నుంచి జేప్యాకేజ్ ఉంది. రన్‌టైంతో సహా ఒక కట్టగా కట్టి ఇస్తాయి. వంద ఎంబీ అయినా పెన్‌డ్రైవ్‌లో మూలకు రాదు.

ఐతే పెట్టెలో పెట్టినదానికి జవాబుదారీ కూడా మనమే. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే జావా తోడు భాగంలో ప్రమాదకరమైన లొసుగు బయటపడింది. అది ప్రపంచమంతటా లెక్కలేనన్ని ప్రోగ్రాముల కడుపులో ఉంది. తమ పెట్టెలో అది ఉందో లేదో తెలుసుకోవడానికే కంపెనీలు రోజుల తరబడి వెతుక్కున్నాయి. ఊరగాయ జాడీ మీద పెట్టిన తేదీ రాసుకునే ఇల్లాలికి ఉన్నపాటి జాగ్రత్త పెద్ద పెద్ద సంస్థలకు లేకపోయింది.

ఇంకో మాట, ఇది బ్యాంకువాడిగా చెబుతున్నాను. మన కంప్యూటర్లో ఉన్న ప్రతిదాన్నీ పెట్టెలో పెట్టి అమ్మే హక్కు మనకుండదు. ప్రతి తోడు ఫైలుకూ ఒక లైసెన్సు ఉంటుంది. ఫాంట్లకూ అంతే. విండోస్‌తో వచ్చిన ఫాంటును తీసి మన కట్టలో పెట్టడం కుదరదు. ఆ దిగులు తీర్చేవి ఉన్నాయి. అమెరికాలోని మన తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర వంటి ఫాంట్లు, గూగుల్ వారి నోటో తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. ఆ లైసెన్సు కాగితం కూడా జతచేసి ప్రోగ్రాంతో పాటు నిక్షేపంగా ఇవ్వవచ్చు.

ఇక ఆ అబ్బాయి చేయవలసిన పనులు వరసగా చెబుతాను.

ఒకటి, ప్రోగ్రాం వాడుకునే ప్రతి తోడు ఫైలు పేరు, వెర్షన్, లైసెన్సు ఒక పుస్తకంలో రాసుకోవాలి. మేము లాకర్ల రిజిస్టరు రాసినట్టు.

రెండు, ఏ తోడు ఫైలూ ఎక్కించని కంప్యూటరు ఒకటి సంపాదించి ముందు దాని మీద పెట్టి చూడాలి. కొనక్కర్లేదు, కంప్యూటర్లోనే ఉత్తుత్తి కంప్యూటరు తయారుచేసే సదుపాయం ఉందట. తన కంప్యూటర్లో నడిచిందన్నది పరీక్ష కిందికి రాదు.

మూడు, మండీల్లో ఏ విండోస్ ఉందో ముందే వెళ్లి చూడాలి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఐనా పాత పెట్టెలు దుకాణాల్లో తిరుగుతూనే ఉన్నాయి. పైథాన్ 3.9 మొదలు తర్వాతి వెర్షన్లు విండోస్ 7 మీద నడవవు. 64 బిట్ ప్రోగ్రాం 32 బిట్ విండోస్ మీద తెరుచుకోదు. డబ్బా మూత తెరిచే సాధనం అన్నానే, అది ఇదే. దాన్ని మాత్రం మనం పెట్టెలో పెట్టలేం. అందుకే ఏది ఉండాలో కొనేముందే కాగితం మీద చెప్పాలి.

నాలుగు, ఇన్‌స్టాల్ చేసే ఫైలుకు డిజిటల్ సంతకం ఉంటే మంచిది. లేకపోతే విండోస్ "ఎవరిదో తెలియని ప్రోగ్రాం" అని హెచ్చరిస్తుంది. అది చూసి షావుకారు జడుసుకుంటాడు. జడుసుకోవాలి కూడా, నెట్టు మోసాల గురించి మేము రోజూ చెప్పేది అదే కదా.

కొనేవారికీ ఒక సలహా. సిప్‌కాట్‌లో చిన్న యూనిట్ నడిపేవారైనా, మండీవారైనా, ఒప్పందంలో "డెలివరీ" అనే మాటకు అర్థం రాయించండి. ప్రోగ్రాం రాసినవాడి చేతి నుంచి బయలుదేరడం డెలివరీ కాదు. మీ కంప్యూటర్లో, మీ గుమస్తా చేత, మీ ప్రింటరు మీద మొదటి బిల్లు వచ్చినప్పుడే డెలివరీ. అయితే ఆ తర్వాత మీరు కంప్యూటరు మార్చితే మళ్లీ పెట్టించుకోవడానికి ఛార్జీ ఇవ్వడమూ న్యాయమే. కుర్రవాళ్లు తిరిగి తిరిగి చేసే ఈ పనికి విలువ లేదనుకోకండి.

ధర కట్టేటప్పుడు ఆ కుర్రవాళ్లూ ఇదే గుర్తుంచుకోవాలి. మూడు నెలలు రాశాను కాబట్టి మూడు నెలల కూలి అని లెక్కేస్తారు. సర్దడానికి, పరీక్షించడానికి, కొత్త విండోస్ వచ్చినప్పుడల్లా మళ్లీ సర్దడానికి పట్టే రోజులను లెక్కలోకి తీసుకోరు. నా దగ్గరికి అప్పుకోసం వచ్చే ప్రాజెక్టు రిపోర్టుల్లో కూడా ఈ గడి ఖాళీగానే ఉంటుంది. ఈ ఖర్చు దాచినంత మాత్రాన పోదు, వాయిదా కట్టే రోజున బయటికి వస్తుంది.

సోదరి గారికి చివరి మాట. అమ్మా, వాయిదా తేదీ దాటేదాకా ఆగకండి. అబ్బాయిని ముందే శాఖకు పంపి, ఏ షావుకారు ఎంత ఇవ్వాలో, ఎప్పటిలోగా సరిచేసి ఇస్తాడో కాగితం మీద రాసి ఇవ్వమనండి. ముందుగా వచ్చి చెప్పినవారి మాట ఏ మేనేజరైనా వింటాడు, తప్పించుకు తిరిగేవారిదే కష్టం. మండీలకు కూడా అతను ఫోను చేసి ఊరుకోకుండా, కొత్త కట్ట తీసుకుని తానే వెళ్లి, ఒక్కొక్క కంప్యూటర్లో పెట్టి, రైతు పేరు తెలుగులో అచ్చువేసి చూపించాలి. ఊళ్లోనే ఉండిపోయిన కుర్రవాడికి ఉన్న పెద్ద పెట్టుబడి అదే. బెంగళూరు కంపెనీ మనిషి మండీ గడప దాకా రాలేడు, ఇతను రాగలడు.

వచ్చే సంచికలో చిన్న వ్యాపారులు చెక్కుల మీద సంతకం చేసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు చూద్దాం. మీ ప్రశ్నలు ఎప్పటిలాగే సంఘం చిరునామాకు రాయండి.